టీబీ అని రాసే ముందు: మెదడులో వింతగా కనిపించే గడ్డలను చదివే పద్ధతి

నేను విశాఖపట్నంలో మెదడు, వెన్నుపాము ఎమ్మారైలు చదివే రేడియాలజిస్టును. శ్రీకాకుళం, పార్వతీపురం, పాడేరు, కొండ దాటితే కోరాపుట్, జయపురం దాకా ఉన్న ఊళ్ళ నుంచి రెండో అభిప్రాయం కోసం స్కాన్లు వస్తుంటాయి. తెచ్చేవాళ్ళ చేతిలో చాలావరకు ముందే ఒక రిపోర్టు ఉంటుంది. అందులో టీబీ గడ్డ అనో, మెనింజియోమా (మెదడు పొరల్లో పుట్టే కణితి) అనో, గ్లయోమా (మెదడు కణజాలంలోనే పుట్టే కణితి) అనో రాసి ఉంటుంది. ఎక్కువసార్లు అది సరైనదే. మిగిలిన వాటి గురించే ఇక్కడ రాస్తున్నాను: అరుదైన కణితులు, మామూలు కణితులే అయినా వేరే రూపంలో వచ్చినవి, అసలు కణితి కాకపోయినా కణితిలా కనిపించేవి. ఇది రేడియాలజీ పీజీల కోసం, చిన్న ఊళ్ళలో ఒంటరిగా స్కాన్ సెంటర్ నడుపుతున్న డాక్టర్ల కోసం. పేషెంటు ఇంటివాళ్ళు చదివితే డాక్టర్‌ని ఏం అడగాలో తెలుస్తుంది. అంతకుమించి దీన్నిబట్టి మందులు ఆపడం, మొదలుపెట్టడం చేయకండి.

నా పద్ధతి చెప్పుకోవడానికి చాలా చిన్నది. మనసులోకి ఒక పేరు రాగానే, ఆ పేరుతో పొసగని విషయం ఏముందో కాగితం మీద రాస్తాను. మెనింజియోమా అనుకున్నాను, పక్కన ఎముక మందం కావలసింది పోయి తినేసినట్టుంది. ఇది ఒక లైను. టీబీ అనుకున్నాను, పిల్లాడికి ఒక్క రోజు కూడా జ్వరం లేదు. ఇది ఇంకో లైను. పొసిగేవి ఎన్నో ఉంటాయి, వాటిని ఎవరైనా చూస్తారు. అరుదైన జబ్బు దొరికేది ఆ పొసగని లైన్లోనే.

ఫిల్మ్ పెట్టే ముందు

ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా ఫిల్మ్ పట్టుకుని ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే నేను అభిప్రాయం చెప్పను. సీడీ కావాలి. ఫిల్మ్ మీద సెంటర్‌ వాళ్ళు ఎంచిన బొమ్మలే ఉంటాయి. ఏడీసీ మ్యాప్, అంటే కణజాలంలో నీరు ఎంత స్వేచ్ఛగా కదులుతోందో చూపే బొమ్మ, చాలా ఫిల్మ్‌ల మీద ఉండనే ఉండదు. కాంట్రాస్ట్ (గడ్డలు తేటగా కనిపించడానికి నరంలోకి ఎక్కించే మందు) ఇవ్వకముందు తీసిన టీ1 రకం ఎమ్మారై బొమ్మ కూడా తప్పకుండా ఉండాలి. అది లేకపోతే తెల్లగా కనిపించేది కాంట్రాస్టా, పాత రక్తమా, కొవ్వా, మెలనినా అని తేల్చలేం. వెనకటి స్కాన్లు ఏవి ఉన్నా, పాతబడి పసుపెక్కిన సీటీ ఫిల్మ్ అయినా సరే, తెమ్మనండి. సీటీని చిన్నచూపు చూడకండి. సున్నం ఉందా, కణాలు ఒత్తుగా ఉన్నాయా, ఎముక ఏమైంది అన్న మూడు ప్రశ్నలకీ అది ఎమ్మారై కంటే సూటిగా జవాబిస్తుంది.

తర్వాత కథ. వయసు, ఎన్నాళ్ళుగా బాధ, ఫిట్స్ మొదట వచ్చాయా తలనొప్పి మొదట వచ్చిందా, హెచ్ఐవీ పరీక్ష చేశారా, ఒంట్లో ఇంకెక్కడైనా క్యాన్సర్ ఉందా. అన్నిటికంటే ముందు: స్కాన్‌కి ముందు స్టెరాయిడ్ ఇచ్చారా? ఇస్తే ఎప్పటి నుంచి?

చర్మం చూడమంటే పీజీలు నవ్వుతారు. కానీ ముఖం మీద మొటిమల్లాంటి బుడిపెలు, ఒంటి మీద ఆకు ఆకారంలో తెల్లమచ్చలు ఉన్న ఫిట్స్ పిల్లాడికి, మెదడులోని నీటి గదుల్ని కలిపే మన్రో రంధ్రం దగ్గర గడ్డ ఉంటే అది ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు జబ్బుతో వచ్చే సెగా అనే కణితి అని దాదాపు తేలిపోతుంది. పుట్టుకతో వీపంతా నల్లటి వెంట్రుకల మచ్చ ఉన్న పాపకి, కాంట్రాస్ట్ లేని టీ1లోనే మెదడు పొరలు తెల్లగా మెరుస్తుంటే అది మెలనిన్. చొక్కా తీసి చూడకపోతే ఆ పొరల్ని మెనింజైటిస్ అని రాసేస్తాం.

లోపలా, బయటా

గడ్డ మెదడు కణజాలంలో పుట్టిందా, బయట పొరల్లో పుట్టి మెదడుని నొక్కుతోందా అన్నది మొదట తేల్చాలి. గడ్డకీ మెదడుకీ మధ్య నీటి గీత, అక్కడే చిక్కుకున్న రక్తనాళాలు, లోపలికి ముడుచుకుపోయిన బూడిదరంగు పొర కనిపిస్తే బయటిది. పొర వెంట తోకలా సాగిన కాంట్రాస్ట్ ఉంది కదా, మెనింజియోమానే అనకండి. ఆ తోక పొరని అంటుకున్న దేనికైనా వస్తుంది.

మెనింజియోమా పక్కన ఎముక మందమవడం తరచూ చూస్తాం. బదులుగా ఎముక కొరుక్కుపోయి, సున్నం అసలు లేకుండా, లోపల నల్లటి గొట్టాల్లా పెద్ద రక్తనాళాలు కనిపిస్తే సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్ అనుకోవాలి. పాతవాళ్ళు హెమాంజియోపెరిసైటోమా అనేవారు. ఈ తేడా సర్జన్‌కి ఆపరేషన్‌కి ముందే తెలియాలి. ఒకటి, అది ధారాళంగా రక్తం కారుతుంది. రెండు, ఏళ్ళ తర్వాత కూడా ఎముకల్లో, ఊపిరితిత్తుల్లో, కాలేయంలో తేలగలదు కాబట్టి పేషెంటుని వదలకుండా చూసుకోవాలి. గడ్డ నుంచి తీసిన ముక్క (బయాప్సీ) మీద స్టాట్6 అనే రంగు పరీక్ష చేస్తే కణకేంద్రకం రంగు పడుతుంది, గొడవ తీరిపోతుంది.

రొమ్ము క్యాన్సర్, ప్రోస్టేట్ క్యాన్సర్ పొరల మీదికి పాకినప్పుడు అచ్చం మెనింజియోమాలాగే ఉంటాయి. కాబట్టి ఆపరేషన్ మచ్చల గురించి అడగండి. ఇక టీ2లో (నీరు తెల్లగా కనిపించే ఎమ్మారై బొమ్మ) బాగా నల్లగా ఉండే పొరల గడ్డ అయితే నా జాబితా వేరు: ఐజీజీ4 జబ్బు, రోసాయ్-డార్ఫ్‌మన్ (రెండూ గడ్డలు కట్టించే అరుదైన జబ్బులు), టీబీ, సైనస్‌లోంచి పైకి పాకిన ఆస్పర్‌జిల్లస్ ఫంగస్ గడ్డ. ఈ చివరిది షుగర్ ఉన్నవాళ్ళకే రావాలని లేదు. మన దేశంలో మంచి ఆరోగ్యంగా ఉన్న రైతుకీ వస్తుంది. 2021లో బ్లాక్ ఫంగస్ అంటే మ్యూకర్‌ని చూసి చూసి, ఫంగస్ అంటే ముక్కు నల్లబడి రోజుల్లో ప్రాణం మీదికి వచ్చేదే అని కొందరికి నాటుకుపోయింది. ఆస్పర్‌జిల్లస్ గడ్డ నెలల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది.

ఉంగరం

కాంట్రాస్ట్ ఇచ్చాక అంచు మాత్రం ఉంగరంలా మెరిసే గడ్డ. మన ప్రాంతంలో పొద్దున్నే మొదటి స్కాన్‌లోనే కనిపించవచ్చు. ఫిట్స్‌తో వచ్చిన కుర్రాడికి చిన్న ఉంగరం ఒక్కటే ఉంటే బద్దెపురుగు తిత్తి, అంటే మనం ఎన్‌సీసీ అనేది, మొదటి అనుమానం. ఇందులో వెల్లూరు సీఎంసీ న్యూరోసర్జన్లు రాజశేఖర్, చాందీ పెట్టిన కొలతలు ఇప్పటికీ పనికొస్తాయి: మచ్చ 20 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, మెదడు మధ్యగీత జరగకూడదు, తలలో ఒత్తిడి పెరిగిన లక్షణాలు ఉండకూడదు, కాలు చెయ్యి పడిపోవడం రోజురోజుకీ పెరుగుతూ ఉండకూడదు. ఇవన్నీ కుదిరితే కత్తి పెట్టకుండా కొన్ని నెలల తర్వాత మళ్ళీ స్కాన్ చేసి చూడవచ్చు. కుదరకపోతే ఎన్‌సీసీ అన్న పేరు పక్కన పెట్టి మొదటి నుంచి చదవాలి.

పెద్ద ఉంగరమైతే నేను మొదట చూసేది డిఫ్యూజన్, అంటే నీటి కదలికని పట్టే బొమ్మ, ఏడీసీ మ్యాప్ దాన్నుంచే వస్తుంది. మధ్యలో ఉన్న ద్రవం డిఫ్యూజన్లో తెల్లగా, ఏడీసీలో నల్లగా ఉంటే చీము. గ్లయోబ్లాస్టోమా (గ్లయోమాల్లో బాగా చెడ్డది) మధ్యలో కుళ్ళిన భాగం సాధారణంగా దీనికి ఎదురు. సాధారణంగా అన్న మాట ఊరికే రాయలేదు. కణితి లోపల రక్తం కారి ఉంటే అదీ చీములా కనిపిస్తుంది, వేరే చోటి నుంచి మెదడుకి పాకిన కొన్ని క్యాన్సర్లు కూడా అంతే. ఫంగస్ చీముగడ్డలో మధ్యభాగం మామూలుగా ఉండి, గోడ నుంచి లోపలికి పొడుచుకొచ్చిన ముక్కలు మాత్రం డిఫ్యూజన్లో మెరుస్తాయి. అందుకని ఎస్‌డబ్ల్యుఐ (రక్తపు మరకలు నల్లగా కనిపించే బొమ్మ) కూడా పక్కన పెట్టుకుని చూడండి. చీముగడ్డ అంచు చుట్టూ నల్లది, దాని లోపల తెల్లది, రెండు గీతలు పక్కపక్కన కనిపిస్తే చీమువైపు బలం పెరుగుతుంది.

ఉంగరం పూర్తిగా మూసుకోకుండా, తెరిచిన వైపు బూడిదరంగు పొర వైపు ఉంటే ఆగండి. అంత పెద్ద మచ్చ ఉన్నా మెదడు అంతగా జరగలేదా? పర్‌ఫ్యూజన్లో, అంటే రక్తప్రసరణ చూపే బొమ్మలో, రక్తం తక్కువగా ఉందా? పాత సీటీ తీసి, ఎమ్మారైలో మెరిసిన భాగం సీటీలో నల్లగా ఉందేమో చూడండి. ఉంటే ఇది కణితి కాదు, డీమైలినేషన్ (నరాల మీది మైలిన్ పూత దెబ్బతినడం) అయ్యే అవకాశం ఎక్కువ. ఒక ఇరవై రెండేళ్ళ అమ్మాయికి గ్లయోబ్లాస్టోమా అని చెప్పి, పెళ్ళి మాటలు ఆపేసి, అందరూ ఏడుస్తూ వచ్చారు. ఆమె సీడీలో ఈ మూడూ ఉన్నాయి. ఇంత కష్టపడి సీక్వెన్సులన్నీ తిరగేయడం ఇలాంటి వాళ్ళ కోసమే.

హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి ఉంగరం అంటే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి, టీబీ, లింఫోమా అనే లింఫ్ కణాల క్యాన్సర్ మూడూ పోటీలో ఉంటాయి. లింఫోమా మామూలు మనుషుల్లో మొత్తం ఒకే రకంగా కాంట్రాస్ట్ తీసుకుంటుంది, హెచ్ఐవీలో మధ్య కుళ్ళి ఉంగరమవుతుంది. ఇదీ మారువేషమే.

స్టెరాయిడ్ మాట

సీటీలో మామూలు మెదడు కంటే కాస్త తెల్లగా, ఏడీసీలో నల్లగా, మెదడు గదుల అంచునో పైపొరనో ఆనుకుని, కాంట్రాస్ట్ గట్టిగా తీసుకుంటూ, అంతలా మెరిసినా పర్‌ఫ్యూజన్ మాత్రం పెద్దగా పెరగని గడ్డ: లింఫోమా. అనుమానం రాగానే రిపోర్టు టైపు చేసే ముందు వార్డుకి ఫోన్ చేస్తాను. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టకండి, పేషెంటు ప్రాణాపాయంలో ఉంటే తప్ప, ముందు ముక్క తీయండి అని. స్టెరాయిడ్‌కి ఈ కణితి కరిగిపోతుంది. కరిగాక తీసిన ముక్కలో ఏమీ దొరకదు. పేషెంటు తేరుకుంటాడు, అందరూ సంతోషిస్తారు, కొన్నాళ్ళకి అది ఇంకోచోట తిరిగి వస్తుంది. వాపు కనబడగానే స్టెరాయిడ్ రాయడం మన క్యాజువాలిటీల్లో చేతికి అలవాటైపోయింది. ఆ ఫోన్ చేయడం రేడియాలజిస్టు పనే.

టీబీ మందులకి తగ్గని పొరలు

మెదడు పొరల వెంట పాకే ఒక అరుదైన కణితి గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పుస్తకాల్లో నాలుగు లైన్లే ఉంటుంది, మన దగ్గర మాత్రం దీని చుట్టూ టీబీ నీడ దట్టంగా ఉంటుంది.

పాలకొండ వైపు నుంచి ఒక చిన్న బాబు స్కాన్ వచ్చింది. బడికి వెళ్ళే వయసు ఇంకా రాలేదు. తల పెద్దదవుతోందని చూపిస్తే మెదడు గదుల్లో నీరు చేరిందని షంట్ (ఆ నీటిని దారి మళ్ళించే గొట్టం) వేశారు. మెదడు అడుగున పొరలు మందంగా కాంట్రాస్ట్ తీసుకుంటున్నాయి కాబట్టి టీబీ మెనింజైటిస్ అని మందులు మొదలుపెట్టారు. ఆ నిర్ణయంలో తప్పేమీ లేదు. ఆ బొమ్మకి మన దేశంలో మొదటి పేరు అదే, ఆలస్యం చేస్తే టీబీ పిల్లల్ని మిగల్చదు. చిక్కు ఏమిటంటే నెలలు గడిచినా ఆ ప్రశ్న మళ్ళీ ఎవరూ అడగలేదు.

నేను పొసగనివి రాయడం మొదలుపెట్టాను. వాళ్ళమ్మని అడిగితే జ్వరం ఎప్పుడూ లేదమ్మా, తిండి బానే తింటాడు అంది. వెన్నులోంచి తీసిన నీటిలో ప్రోటీన్ విపరీతంగా ఉంది, కణాలు మాత్రం లెక్కకి కూడా రావు, చక్కెర మామూలుగా ఉంది. టీబీ అయితే లింఫోసైట్లు అనే తెల్లకణాలు పెరగాలి, చక్కెర పడిపోవాలి. మెదడు లోతుల్లో రక్తనాళాలు మూసుకుపోయిన మచ్చ ఒక్కటీ లేదు. ఇక టీ2లో చిన్నమెదడు పైభాగం అంతా నిదానంగా చూస్తే, పొర కిందనే ఆవగింజలంత నీటి బుడగలు వరసగా ఉన్నాయి. అవి కాంట్రాస్ట్ తీసుకోవు, కాబట్టి కాంట్రాస్ట్ బొమ్మలే చూసేవాళ్ళకి కనపడవు.

ఈ బుడగలు, మందమైన పొరలు, నీరు చేరడం మూడూ ఒక పిల్లాడిలో కలిస్తే డిఫ్యూజ్ లెప్టోమెనింజియల్ గ్లయోన్యూరోనల్ ట్యూమర్ అన్న పేరు రాయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కణితుల జాబితాలోకి ఇది 2016లో వచ్చింది. నీటి పరీక్షలో కణితి కణాలు దొరక్కపోవడమే మామూలు, కాబట్టి సైటాలజీ నెగటివ్ అని ఊరట చెందకండి. టీబీ క్రిమి జన్యువుని వెతికే సీబీనాట్ పరీక్ష నెగటివ్ వచ్చినంత మాత్రాన టీబీ కాదని కూడా అనకండి. రెండు వైపులా ఆ జాగ్రత్త ఉండాలి.

అప్పుడు చేయవలసింది వెన్నుపాము మొత్తానికీ కాంట్రాస్ట్ ఎమ్మారై. తల ఒక్కటే స్కాన్ చేసి ఉంటే సగమే చూసినట్టు. ఈ జబ్బులో వెన్నుపాము లోపలే గడ్డ ఉండవచ్చు, పొరలు అక్కడ ఇంకా మందంగా ఉండి ముక్క తీయడానికి తలకంటే వీలుగా దొరకవచ్చు. ఆ బాబుకి అలాగే జరిగింది. ముక్కలో బీరాఫ్ జన్యువు కేఐఏఏ1549 అనే మరో జన్యువుతో అతుక్కున్న మార్పు, 1పీ (1వ క్రోమోజోమ్ పొట్టి భుజం) పోవడం తేలాయి. ఈ కణితిలో తరచుగా కనిపించేవి ఇవే.

ఒక హెచ్చరిక. టీబీ మందులు వాడుతుండగా గడ్డలు మొదట్లో పెరగడం టీబీలోనే మామూలుగా జరిగే సంగతి. పెరిగింది కాబట్టి టీబీ కాదు అని ఎగిరి గంతెయ్యకండి. చికిత్స మొదలైన కొత్తలో పెరగడం ఒక మాట. ఆరంభం నుంచీ కథ, నీటి పరీక్ష, బొమ్మ మూడూ టీబీతో పొసగకపోవడం ఇంకో మాట.

మందకొడిగా కనిపించే చెడ్డవి, భయపెట్టే మంచివి

అరవై దాటినాయన. మెదడులో విశాలంగా పాకిన మచ్చ, కాంట్రాస్ట్ అసలు తీసుకోదు. చెయ్యి 'లో-గ్రేడ్' గ్లయోమా, అంటే నెమ్మదిగా పెరిగేది, అని రాయబోతుంది. ఆపండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ ప్రకారం ఐడీహెచ్ జన్యువులో మార్పు లేని ఆస్ట్రోసైటోమాలో (ఇదొక రకం గ్లయోమా) టెర్ట్ జన్యువు ప్రమోటర్ మార్పు, ఈజీఎఫ్ఆర్ జన్యువు ఎక్కువవడం, 7వ క్రోమోజోమ్ పెరిగి 10వది పోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది గ్లయోబ్లాస్టోమానే, సూక్ష్మదర్శినిలో కుళ్ళు కనపడకపోయినా సరే. కాబట్టి ఆ వయసులో 'కాంట్రాస్ట్ లేదు కాబట్టి మంచిది' అన్న వాక్యం నేను రాయను.

కుర్రవాళ్ళలో టీ2లో మొత్తం ఒకే తెలుపుగా ఉండి, ఫ్లెయిర్‌లో (నీటి తెలుపుని అణిచేసే బొమ్మ) అంచు తప్ప లోపలంతా నల్లబడితే ఐడీహెచ్ మార్పు ఉన్న ఆస్ట్రోసైటోమా అని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు. ఈ గుర్తు లేకపోతే మాత్రం ఏమీ చెప్పలేం. పిల్లల్లో దీన్ని నమ్మకండి.

సున్నంతో నుదుటి వైపు పైపొరలో ఉన్న ఆలిగోడెండ్రోగ్లయోమా అనే రకం గ్లయోమా నెమ్మదైనదైనా పర్‌ఫ్యూజన్లో ఎర్రగా వెలుగుతుంది. పర్‌ఫ్యూజన్ ఎక్కువ అంటే గ్రేడ్ ఎక్కువ అన్న సూత్రం ఇక్కడ పని చేయదు.

చిన్నమెదడు ఒక పక్క ఉబ్బి, టీ2లో పులిచారల్లా ఒకటి విడిచి ఒకటి గీతలుంటే లెర్మిట్-డుక్లో అనే చిన్నమెదడు గడ్డ. చూడగానే తెలిసిపోతుంది. కానీ రిపోర్టులో రొమ్ము, థైరాయిడ్ పరీక్ష చేయించమని కూడా రాయాలి, వెనక కౌడెన్ సిండ్రోమ్ అనే, క్యాన్సర్లు తెచ్చే జన్యు జబ్బు ఉండవచ్చు.

నన్ను ఎక్కువ కంగారు పెట్టేది ఇంకొకటి. మగపిల్లాడికి ఒక చెయ్యి నెలల తరబడి నెమ్మదిగా బలం తగ్గుతోంది, స్కాన్‌లో మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియాలో మసకమసకగా చిన్న మచ్చ, ఒత్తిడి లేదు, పైగా ఆ వైపు మెదడు కాస్త కుంచించుకుపోయింది. పాత దెబ్బ అనిపిస్తుంది. జెర్మినోమా (బీజకణాల రకం కణితి) కావచ్చు. రేడియేషన్‌కి బాగా లొంగే కణితి కాబట్టి దీన్ని పాత మచ్చ అని వదిలేయడం అన్యాయం. పిట్యూటరీ కాడ మందమై పిల్లలు రాత్రిళ్ళు లేచి నీళ్ళు తాగుతూ పదేపదే ఒంటేలుకి వెళ్తున్నా ఇదే అనుమానం. రక్తంలో, వెన్నునీటిలో ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ అనే కణితి గుర్తుల పరీక్షలు చేయించమని రాయండి. ఇవి మామూలుగా వచ్చినా జెర్మినోమా లేదని కాదు.

స్పెక్ట్రోస్కోపీ, అంటే గడ్డలోని రసాయనాలని గ్రాఫుగా చూపే ఎమ్మారై పద్ధతి మీద నాకు అంత ప్రేమ లేదు. 1.3 పీపీఎం దగ్గర కొవ్వు శిఖరం ఒంటరిగా పెద్దగా ఉండి, గడ్డ టీ2లో నల్లగా ఉంటే టీబీకి మంచి సాక్ష్యం. మెదడు గదుల్లో సెప్టమ్‌ని అంటుకున్న బుడగల గడ్డలో 3.55 దగ్గర గ్లైసీన్ కనిపిస్తే సెంట్రల్ న్యూరోసైటోమా అనే కణితికి బలం. మిగతా కేసుల్లో కోలిన్ పెరిగింది అన్న వాక్యం వల్ల ఎవరికీ ఏమీ ఒరగదు.

రిపోర్టు, ముక్క

'క్లినికల్‌గా సరిచూసుకోండి' అని ముగించే రిపోర్టు నాకు ఒళ్ళు మంట. మూడు పేర్లు వరసలో రాయండి. ఒక్కో పేరు కింద ఎందుకు, ఏది పొసగడం లేదు, ఏ పరీక్ష చేస్తే తేలుతుంది అని రాయండి. ముక్క ఎక్కడి నుంచి తీయాలో బాణం గుర్తు పెట్టిన బొమ్మ జతచేయండి: మధ్యలో కుళ్ళిన చోట వద్దు, కాంట్రాస్ట్ తీసుకునే గోడ, పర్‌ఫ్యూజన్ ఎక్కువున్న చోటు, ఏడీసీ తక్కువున్న చోటు.

సర్జన్‌తో మాట్లాడి ఇంకో సంగతి ఖాయం చేసుకోండి. తీసిన ముక్కంతా ఫార్మలిన్ సీసాలో వేస్తే ఇక కల్చర్ (క్రిములని పెంచి చూసే పరీక్ష) చేయలేం. కొంత ముక్క ఫార్మలిన్ తగలకుండా శుభ్రమైన సెలైన్‌లో, సీబీనాట్‌కీ బాక్టీరియా, ఫంగస్ కల్చర్‌కీ వెళ్ళాలి. థియేటర్లో సీసాలు ముందే సిద్ధం చేసి లేబుల్ అంటించకపోతే, ఆపరేషన్ చివర్లో అందరూ అలసిపోయిన వేళ అంతా ఒకే సీసాలో పడిపోతుంది.

పాథాలజిస్టుకి మీ మొదటి మూడు పేర్లు చెప్పండి, ఏ రంగు పరీక్షలు ముందు చేయాలో వాళ్ళకి తెలుస్తుంది. ఐడీహెచ్ మార్పుల్లో ఒకటైన ఐడీహెచ్1 ఆర్132హెచ్ రంగు నెగటివ్ వచ్చినా 55 ఏళ్ళ లోపు వాళ్ళలో జన్యువుని చదివే సీక్వెన్సింగ్ అడగాలి, ఎందుకంటే ఆ రంగు ఒక్క మార్పునే పట్టుకుంటుంది. అన్నీ చేసినా పేరు దొరక్కపోతే డీఎన్ఏ మీది రసాయన గుర్తుల్ని చదివే మెథైలేషన్ పరీక్ష ఉంది. హైడెల్‌బర్గ్ బృందం 2018లో ప్రచురించిన పద్ధతి అది. మన దేశంలో చేసే చోట్లు తక్కువ, ఖర్చు ఎక్కువ. మెదడు, వెన్నుపాము అరుదైన కణితుల్లో మాత్రం పేరు దానితోనే తేలిన సందర్భాలు ఉన్నాయి.

ఇంటివాళ్ళకి ఒకటి చెప్పండి. ముక్క పరీక్ష రిపోర్టు కాగితం మాత్రమే తీసుకుని వెళ్ళిపోకుండా, మైనపు దిమ్మె, అంటే బ్లాక్, ఎక్కడ ఉందో, ఎప్పుడు అడిగితే ఇస్తారో రాయించుకోమని. హైదరాబాద్ నిమ్స్‌కి వెళ్ళినా, బెంగళూరు నిమ్‌హాన్స్‌కి వెళ్ళినా, ముంబై టాటాకి వెళ్ళినా అక్కడ మొదట అడిగేది ఆ బ్లాకే. దాంతోపాటు స్కాన్ సీడీ కాపీ ఒకటి ఇంట్లో ఉంచుకోమనండి.